ఎవరి నుంచి వచ్చిందని అడిగిన రోజులు

ఎర్రమంజిల్ ఆఫీసులో నా పక్క సీటు అక్క ఒకరోజు బతిమాలింది. "గర్భసంచి ముఖద్వారానికి ఏదో టెస్టు ఉందట. ముప్పై దాటినోళ్లు చేయించుకుంటే మంచిదట. ఒక్కదాన్నే పోవాల్నంటే భయమైతుంది. జర తోడు రా."

పంజాగుట్ట క్లినిక్‌కు తోడు వెళ్లిన దాన్ని, నేనూ చేయించుకున్నాను. వారానికి అక్కకు ఏమీ లేదని వచ్చింది. నాకు మాత్రం ఫోన్ చేశారు. "హెచ్‌పీవీ అనే వైరస్ కనబడిందమ్మా. డాక్టర్‌ను కలవండి."

మెట్రో మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో వెతికాను. క్యాన్సర్ అన్న మాటను రెండుసార్లు చదివాను. ఆ కిందే, లైంగిక సంబంధం వల్ల సోకుతుందని ఉంది. మా ఆయన మొహం కళ్లముందు కదిలింది.

ఆయనకు అమీర్‌పేటలో జిరాక్స్ షాపు. పదహారేళ్ల కాపురంలో ఏనాడూ అనుమానించలేదు. ఆ మూడు రోజులు మాత్రం చొక్కాలు ఉతికేముందు జేబులు వెతికాను. ఆయన ఫోన్ మోగితే చెవులు రిక్కించాను. క్యాన్సర్ భయం ఒకపక్క, ఈ రోత ఇంకోపక్క.

ఆదివారం మధ్యాహ్నం ఆయనే అడిగాడు. "మాట్లాడవ్, తినవ్. నేనేమన్న తప్పు చేసిననా?"

"అది నువ్వే చెప్పాలె" అని రిపోర్టు ముందు పెట్టాను.

ఆ వైరస్ ఎలా సోకుతుందో చెప్పాక ఆయన మొహం పాలిపోయింది. "నీ మీద ఒట్టు, నాకేం తెల్వదు" అన్నాడు. రిపోర్టు మడిచి నా చేతికిస్తూ, "గా సంగతి తర్వాత. ముందు డాక్టరమ్మను కలుద్దాం. నేను సుత వస్త."

డాక్టరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి గ్రహించింది. "ఇది ఎప్పుడొచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదండీ. పెళ్లైన కొత్తలో వచ్చి, ఇన్నేళ్లూ బయటపడకుండా ఉండొచ్చు. చాలామందికి వస్తుంది, ఎక్కువమందిలో శరీరమే వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోయి కణాలను మారుస్తుంది. ఆ మార్పును పట్టించుకోకపోతే క్యాన్సర్ కావచ్చు. వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు."

"మరి నాకు టెస్టు చెయ్యరా మేడం?" అని అడిగాడాయన.

"మగవాళ్లకు దీనికి అలాంటి పరీక్ష లేదండీ."

ఆయన తల దించుకున్నాడు. తన తప్పు లేదని చూపించడానికి ఒక కాగితం కావాలనుకున్నాడు పాపం. అదీ దొరకలేదు.

గర్భసంచి ముఖద్వారం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులన్నారు. ఆ పది రోజులూ ఆఫీసులో ఒకే ఫైలు తిరగేశాను. పన్నెండేళ్ల మా అమ్మాయికి జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. నేను లేకపోతే ఈ జడ ఎవరు వేస్తారన్న ఆలోచన ఎంత తోసినా పోయేది కాదు.

రిపోర్టు వచ్చింది. కణాలు మారడం మొదలైంది గానీ, క్యాన్సర్ కాలేదు. ఆ భాగం వరకు తీసేశారు, అదే రోజు ఇంటికి పంపేశారు. ఆటోలో ఆయన నా చెయ్యి వదల్లేదు. అప్పుడడిగాను, "నీ జేబులు వెతికిన. కోపమొచ్చిందా?"

"కోపం కాదు. భయమైంది. నువ్వు నమ్మకపోతే ఎట్ల నమ్మియ్యాల్నో తెల్వలే."

ఏడాది తర్వాత పరీక్షలో వైరస్ కనబడలేదు. అయినా క్లినిక్ నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ భయంగానే ఎత్తుతాను. ఈ వైరస్ సోకకుండా అమ్మాయికి టీకా వేయించాం. ఎందుకని అది అడిగితే, ఏదీ దాచకుండా దాని వయసుకు తగ్గట్టు చెప్పాను.