గీతకు అవతల నిలబడ్డ అల్లుడు

కబడ్డీలో ఒకడు మధ్య గీత దాటి అవతలి జట్టులోకి వెళ్లి, వాళ్ల మనిషే అన్నట్టు పక్కవాడి చెయ్యి పట్టుకుని నిలబడితే జనం నవ్వుతారు. నవ్వకుండా ఉండటం కష్టమే. సంగారెడ్డిలో కాలేజీల పోటీలప్పుడు మా అక్క కొడుకు అలా నిలబడ్డాడు. మైదానం చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేను.

అంతకు కాస్త ముందే వాడికి దెబ్బ తగిలింది. అవతలి నుంచి కూతకు వచ్చినవాణ్ని మావాడు నడుం దగ్గర పట్టేశాడు. సాయానికి ఎగబడ్డ మన జట్టువాడి మోకాలే వచ్చి మావాడి కణతకు తగిలింది. చెక్కకు చెక్క తగిలినట్టు చప్పుడైంది. నేను నిలబడ్డ చోటికి వినపడింది. వాడు వెల్లకిలా పడి కాసేపు కదల్లేదు. కాలేజీ ఆటల సారు పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు కొట్టాడు. ఎవరో ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు.

"రక్తం గిట్ల వచ్చిందా?"

"లే సార్."

"మరేం గాలే. లెవ్వు, లెవ్వు. ఆడాలె."

లేచాడు. లేచి, నింపాదిగా నడిచి, అవతలి సగంలోకి పోయి నిలబడ్డాడు.

"అరేయ్, గా దిక్కు పిల్లనిస్తున్నరా ఏంది రా!" అని ఎవడో అరిచాడు.

"ఇల్లరికం పోయిండు మా అల్లుడు!" అన్నాను నేను. దానికి ఇంకా నవ్వారు. కెప్టెన్ వచ్చి బనీను పట్టుకుని వాణ్ని ఇవతలికి లాక్కున్నాడు. ఆట మళ్లీ మొదలైంది. మనవాళ్లు గెలిచారు.

ఇద్దరం బస్సెక్కాం. కంది దాటాక, "మామా, గెల్సినమా?" అన్నాడు. "గెల్సినం" అన్నాను. రుద్రారం దగ్గర మళ్లీ అడిగాడు. సంతోషం పట్టలేక అడుగుతున్నాడనుకున్నాను. ఇస్నాపూర్‌లో కూడా అదే మాట అడిగేసరికి విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్పాలె రా, సెవుడా?" అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

నా సంగతి కొంత చెప్పాలి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పటాన్‌చెరులో లేత్ మిషన్ మీద పని చేస్తూ సాయంత్రం పూట గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే నా చదువంతా. ఇంద్రేశం పక్కన మా ఊరి వాగులో ఫ్యాక్టరీల నీళ్లు కలవడం మొదలయ్యాక, బావి నీళ్లు టీ రంగుకు తిరిగాక, గేదెలు చూడి ఈసుకుపోయి చచ్చాక, నేను వేరే పుస్తకాలు చదవడమే మానేశాను. రసాయనాల పేర్లు నేర్చుకున్నాను. ఏ వాసన పీలిస్తే మనిషికి ఏమవుతుందో కంఠతా పట్టాను. ఊళ్లో ఎవరికి దగ్గొచ్చినా, దద్దుర్లొచ్చినా అర్జీ రాసేవాణ్ని. అధికారులు నన్ను చూస్తే దారి మళ్లేవాళ్లు. ఆ రోజుల్లో నాకు అదొక గొప్ప.

అల్లుడు ఆ పోటీల మర్నాటి నుంచి గది తలుపు వేసుకుని, కళ్ల మీద తువాల కప్పుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. వెలుతురు కళ్లలో గుచ్చుతుందన్నాడు. గిన్నె చప్పుడైతే అమ్మ మీద అరిచేవాడు. అమ్మ మీద ఏనాడూ గొంతు పెంచని పిల్లవాడు. తిన్నది కక్కేవాడు. డిగ్రీ చివరి పరీక్షలు దగ్గర పడ్డాయని పుస్తకం తెరిచి, ఒకే పేజీ ముందు చాలాసేపు కూర్చుని మూసేసేవాడు. వాడు లెక్కల్లో ఎంత చురుకంటే, నా లేత్ పని కొలతలు కాగితం లేకుండా నోటితో చెప్పేవాడు.

తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం. నేను కంఠతా పట్టిన జాబితా అంతా వాడిలో కనపడింది. ఇంకేం కావాలి నాకు? తెల్లవారుజామున వాగు మీది నుంచి వచ్చే పుల్లటి వాసన అక్కావాళ్ల ఇంటినే ముందు తాకుతుంది.

"అక్కా, ఇది గ్యాసు పనే" అన్నాను.

"మొన్న ఆటల పడ్డడంట గద తమ్మీ?"

"పడితె మోకాళ్లు గీసుకపోతయ్. వాంతులయితయా?"

పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ వాడి కళ్లలోకి లైటు వేసి చూసింది. వాడు మొహం తిప్పుకున్నాడు.

"తలకేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

అడిగింది. ఆ మాట దాచడానికి లేదు. వైద్యులు సరిగ్గా చూడరని ఊరంతా తిరిగి తిట్టిన మనిషిని నేను. ఆవిడ మాత్రం మొట్టమొదటగా అడగాల్సిందే అడిగింది. వాడు నా వైపు చూశాడు. వాడికి ఆ రోజు సంగతి గుర్తులేదన్న విషయం నాకు తట్టలేదు. నాతో చెప్పించాలని చూస్తున్నాడనుకున్నాను.

"దెబ్బేం లేదమ్మా. గాలి. మా ఊరి గాలి" అని సంచిలోంచి అర్జీల కట్ట తీశాను.

"అబ్బాయిని చెప్పనివ్వండి."

"వాడేం చెప్తడమ్మా, పిల్లగాడు. వానికేం తెల్సు?"

ఆవిడ గది బయట వరస వరండా దాకా ఉంది. నేను రసాయనాల పేర్లు వల్లిస్తూనే ఉన్నాను. ఆవిడ మాత్రలు రాసి, విశ్రాంతి ఇవ్వమని చెప్పి, తర్వాతివాళ్లను పిలిచింది. అబద్ధం ఆడానా అంటే, లేదు. దెబ్బ అంటే నా లెక్కలో రక్తం, కుట్లు, కట్టు. మోకాలి చప్పుడు నా చెవిలో ఉన్నా దాన్ని దెబ్బ కింద జమ కట్టలేదు. మా లేత్ షాపులో కళ్లు తిరుగుతున్నాయన్న మనిషిని మిషన్ దగ్గరికి రానివ్వం. సూపర్‌వైజరుతో పోట్లాడైనా సరే నేనే ఇంటికి పంపేవాణ్ని. ఆ బుద్ధి మైదానానికి రాలేదు. ఫ్యాక్టరీలో పడితే ప్రమాదం, ఆటలో పడితే ఆట.

కాలుష్యం చూడటానికి పెద్ద అధికారి ఊరికి వచ్చినప్పుడు వాణ్ని లేపి, ఎండలో ఆయన జీపు ముందు నిలబెట్టాను. "సూడుండ్రి సార్, డిగ్రీ పోరడు. ఎట్ల గుంజుకపోయిండో సూడుండ్రి" అన్నాను. వాడు రెండు చేతులతో తల పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆ నిలబడటం బాగా ఉపయోగపడింది. అధికారి మొహం చిన్నబోయింది. నా గుండె ఉబ్బింది. విశ్రాంతి ఇవ్వమన్న మాటకు నేనిచ్చిన విలువ అది.

ఆ తర్వాత జోగిపేట వైపు ఒక ఊళ్లో పోటీలున్నాయని జట్టు కెప్టెన్ పిలవడానికి వచ్చాడు. అక్క గడప దగ్గరే అడ్డం నిలబడింది.

"పంపనే పంప. పోరనికి ఇంక సక్కగ లేదు."

"అక్కా, గీ వాసనల పడుంటె ఏం సక్కగైతది?" అన్నాను. "గా దిక్కు ఒక్క కంపెనీ లేదు. పొలాల గాలి. ఆడితె చెమట పడ్తది, చెమటతోని విషం దిగుతది."

"తల నొస్తుందంటుండు తమ్మీ."

"గాలి మారితె గదే పోతది. నా మాట ఇను జెర."

అక్క నా మాట ఎప్పుడూ కాదనలేదు. మా ఇంట్లో పేపరు చదివేవాణ్ని నేనొక్కణ్నే. లోపలి నుంచి అల్లుడే అన్నాడు: "పోత అమ్మా. మామ చెప్తుండు గద."

జోగిపేట వైపు గాలి నిజంగానే బాగుంది. వరి కోత వాసన. ఆ రోజు తగిలింది పెద్ద దెబ్బ కూడా కాదు. పట్టు విడిపించుకోబోయి పక్కకు ఒరిగాడు, భుజం నేలకు ఆనింది, తల కొంచెం ఊగింది. అంతే. లేచి నాలుగు అడుగులు వేశాడు. మోకాళ్లు మడత పడ్డాయి. కళ్లు పైకి పోయాయి, ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరిదో జీపులో పడుకోబెట్టుకుని పట్నం ఆసుపత్రి దాకా పోయాం. దారి పొడుగునా వాడి తల నా ఒళ్లో ఉంది. కదలకుండా పట్టుకోవాలని చూశాను. ఆ రోడ్డు మీద అది అయ్యే పని కాదు.

మర్నాడు వాడు కళ్లు తెరిచాడు. బతికాడు. పెద్ద డాక్టరు అక్కను, నన్ను కూర్చోబెట్టి, ఇంతకు ముందు తలకు తగిలిందా అని అడిగాడు. అప్పుడు చెప్పాను. మోకాలు, చప్పుడు, గీత దాటడం, బస్సులో అడిగిందే అడగడం. చెబుతుంటే ఒక్కొక్కటీ నా నోటి నుంచే కొత్తగా విన్నట్టుంది.

"అవన్నీ గుర్తులేనండీ" అన్నాడాయన. "రక్తం రాదు. స్కానులోనూ చాలాసార్లు ఏం కనపడదు. మెదడు లోపల అదిరింది. ఆ క్షణమే ఆట ఆపాలి. ఆట ఒక్కటే కాదు, చదువు, ఎండ, చప్పుడు, అన్నీ కొన్నాళ్లు తగ్గించాలి. బాగా తేరుకున్నాక మొదట నడక, అది పడితే పరుగు, అన్నిటికంటే చివర ఆట. తేరుకోకముందే రెండోసారి అదిరితే ఇలాగే మీదికి వస్తుంది."

అప్పుడు అక్క అంది: "పాలు తోడేసినంక గిన్నె కదుపుతమా సారూ."

"అంతేనమ్మా. కదపకూడదు."

అక్క నా వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాణ్ని. నాకు చేతనైన పని అదొక్కటే.

అల్లుడు ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మరుసటి ఏడు కూర్చున్నాడు గాని మధ్యలో లేచి వచ్చేశాడు. అంకెలు పేజీ మీద నిలబడటం లేదన్నాడు. కాలం గడిచేకొద్దీ తలనొప్పి తగ్గింది. కోపం తగ్గింది. ఆ చురుకు మాత్రం తిరిగి రాలేదు. రెండు వస్తువులు తెమ్మంటే ఒకటి తెచ్చి, రెండోది ఏంటని నవ్వుతూ అడుగుతాడు. చివరికి, ఏ ఫ్యాక్టరీ మీద నేను అర్జీలు రాశానో ఆ ఫ్యాక్టరీలోనే గేటు దగ్గర కాపలా పని దొరికింది. ఎండకు నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు.

"ఏం పెద్దమనిషీ, కంపెనీ మూయిస్త అంటివి! నీ అల్లుడే గేటు తీస్తుండు" అని హోటల్లో అంటారు. టీ తాగి లేచి వస్తాను.

గాలి చెడ్డదే. నీళ్లు చెడ్డవే. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాలేజీ మీద కూడా అర్జీ రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. స్పృహ తప్పి లేచిన పిల్లవాణ్ని మళ్లీ ఆడించిన సారు మీద, ఉల్లిగడ్డ తప్ప వైద్యం లేని మైదానం మీద. రాస్తూ రాస్తూ "అక్కడున్న పెద్దలు నవ్వుతూ నిలబడ్డారు" అన్న చోటికి వస్తాను. అక్కడ కలం ఆగిపోతుంది. ఆ కాగితం ఇప్పటికీ పూర్తి కాలేదు.

చాలా ఏళ్లకు కిష్టారెడ్డిపేట వైపు, కొత్త ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ జాగాలో కాలేజీ పిల్లల కబడ్డీ జరుగుతుంటే చూడటానికి పోయాను. డ్యూటీ లేదని అల్లుడు కూడా వచ్చి నీడన కూర్చున్నాడు. ఆటలో ఇద్దరి తలలు ఢీకొన్నాయి. ఒకడు నుదురు రుద్దుకుని లేచాడు. రెండోవాడు కాసేపాగి లేచి, గీత దాటి, అవతలివాళ్ల పక్కన నిలబడ్డాడు. జనం నవ్వారు.

నేను లోపలికి నడిచాను. విజిల్ వేశారు.

"తాతా, బయటికి నడువ్! గెల్సే మ్యాచ్ ఖరాబ్ చేస్తున్నవ్!"

పోలేదు. ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకున్నాను.

"నాకేం గాలే తాతా. నేను ఆడ్త."

"ఆడుదువు తియ్యి. నీది ఏ దిక్కు బిడ్డా?"

వాడు ఇటు చూశాడు, అటు చూశాడు. రెండు జట్లూ వాడి మొహమే చూస్తున్నాయి. నవ్వు సద్దుమణిగింది. వాడికి ఊరికే కళ్లనీళ్లు తిరిగాయి.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు అడిగితే వాడు ఏం కాలేదనే చెప్పాడు. వాణ్ని పూర్తిగా చెప్పనిచ్చాను. తర్వాత నేను చూసింది చూసినట్టు చెప్పాను. నా అభిప్రాయం ఒక్కటీ కలపలేదు. బాగా తగ్గేదాకా ఆట మాట ఎత్తొద్దని చెప్పి, రాత్రికి ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని వాళ్ల నాన్నకు ఫోన్ చేయించారు.

ఆయన వచ్చాక, బయట చెట్టు కింద మేమిద్దరం ఆటో కోసం నిలబడ్డాం. అల్లుడు అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"మామా, గా పోరడు గీత దాటి నిలవడ్డడు గద."

"ఆ."

"నేను గూడ గట్లనే నిలవడ్డనా?"

ఇన్నేళ్లలో ఆ రోజు సంగతి వాడితో ఎవరూ మాట్లాడలేదు. అక్క మాట్లాడనివ్వలేదు. నాకూ కావాల్సింది అదే.

"నిలవడ్డవ్."

"నవ్విన్రా?"

"నవ్వినం. నేనే ముందుగాల నవ్విన."

వాడు తల ఊపాడు. అద్దాలు పెట్టుకుని రోడ్డు వైపు చూశాడు.

"మరి గా మ్యాచ్ గెల్సినమా మామా?"

"గెల్సినం."

ఆటో వచ్చేలోపు మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.