అంచు మీద నేసిన సంవత్సరం

పోయిన వారం హనుమకొండలో ఒక సభకు వెళ్తే, కుర్చీలు చాలక కొందరిని కొత్త జంపఖానా మీద కూర్చోబెట్టారు. గంజి, రంగు, నూలు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే ఉపన్యాసం వినిపించడం మానేసింది. నా చేయి దానంతట అదే అంచును తడుముతూ పోయింది. నేత సంఘం పేరు దొరికింది, దాని పక్కనే సంవత్సరం. ఏ జంపఖానా కనిపించినా నేను ముందు చూసేది అంచునే. ఈ అలవాటు నాకు వెంకటయ్య సార్ నుంచి వచ్చింది.

ఆయన సుబేదారిలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఇల్లు మాత్రం కొత్తవాడలో, మా వెనక సందులో. ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "ఎట్ల తెలుసు?" ఫలానా ఇంట్లో దయ్యం ఉందంటే నోటుపుస్తకం పట్టుకొని వెళ్లేవారు. ఏ గదిలో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు, అప్పుడు దీపం ఉందా లేదా, అన్నీ అడిగి రాసుకునేవారు. ఎవరినీ వెక్కిరించేవారు కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉండేది ఆయనకు. వెక్కిరింపు నేను ఆయన దగ్గర నేర్చుకోలేదు, అది నా సొంతం.

డెబ్బైల చివర నేను డిగ్రీ మా కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులతో పాసయ్యాను. లా చదివేవాళ్లకు ప్రతిభను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి ఉందని చెప్పి ఫారం తెచ్చిచ్చింది సారే. అది వస్తే లా, రాకపోతే కుట్టుమిషన్ అని ఇంట్లో తేలిపోయింది. ఫారం నింపుతుంటే ఒక నిబంధన దగ్గర కలం ఆగింది. జూలై ఒకటి నాటికి ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఉండరాదు. నా సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూలై ఒకటి. సరిగ్గా ఆ రోజుకే నాకు ఇరవై ఒకటి నిండుతున్నాయి.

నాకే కాదు, మా తరగతిలో అందరి పుట్టినరోజూ జూలై ఒకటే. అంతటి అద్భుతం ఏ పురాణంలోనూ లేదు. బడిలో చేర్చుకునే రోజున హెడ్మాస్టరు కుడిచేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టు. వెంటనే రిజిస్టరులో జూలై ఒకటి పడేది. చేయి పొడుగ్గా ఉన్న పిల్లకు వయసు ఎక్కువ, తల పెద్దగా ఉన్న పిల్లకు తక్కువ. ఈ లెక్క మీద దేశంలో ఎన్ని జీవితాలు నడుస్తున్నాయో ఎవరూ అడగరు.

"అఫిడవిట్ రాపిస్తే అయిపాయె," అన్నాడు మా కొమురయ్య మామ. "పిల్ల కార్తీకంల పుట్టిందని మీ అవ్వ ఎన్నిసార్లు చెప్పలే?"

"ఏ యాడాది కార్తీకం, చెల్లె?" అని సార్ మా అవ్వను అడిగారు.

"గా లెక్కలు నాకేం ఎరుక అన్నా. అప్పుడు మగ్గం మీద లైబ్రరోళ్ల జంపఖానా ఉండె, అక్షరాలు ఏసేటిది. నేను నొప్పులతోని మొత్తుకుంటుంటే ఈయన పోగులు లెక్కవెట్టుకుంట కూసున్నడు."

బాపు తల వంచుకున్నాడు. ఆయనకు చదవడం రాదు. కాగితం మీద రాసిచ్చిన అక్షరాన్ని చూసి, ఎన్ని పోగులు ఎత్తాలో లెక్కపెట్టి నేసేవాడు. సార్ ముఖం వెలిగిపోయింది. "అంచు మీద యాడాది కూడ ఏస్తరు గద, మల్లేశం?"

ఆదివారం సార్, బాపు, నేను బస్సెక్కి, వర్ధన్నపేట దారిలో ఆ లైబ్రరీ ఉన్న ఊరికి వెళ్లాం. గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టల కింద జంపఖానా ఇంకా ఉంది. దుమ్ము దులిపి అంచు చూశాను. నా సర్టిఫికెట్‌లో ఉన్న సంవత్సరమే. అంటే జూలైలో కాదు, ఆ తర్వాత వచ్చిన కార్తీకంలో పుట్టాను. నాకింకా ఇరవై ఒకటి నిండలేదు. అక్కడే గంతులు వేసేదాన్ని, కానీ సార్ మోకాళ్ల మీద కూర్చొని అంచును తిరగేసి చూస్తున్నారు.

"మల్లేశం, అంకెల కాడ నేత జర వదులుగ ఉన్నది. ఎందుకట్ల?"

బాపు నా వైపు చూశాడు.

"ఇప్పి మల్ల నేసిన సారూ. ముందుగాల నడుస్తున్న యాడాదే ఏసిన. వాళ్లొచ్చి, మేం తెరిచేది జనవరిల, వచ్చే యాడాది ఎయ్యుమన్నరు."

"అప్పటికి పిల్ల పుట్టిందా?"

"వారం పిల్ల."

అంటే అంచు మీద ఉన్నది గ్రంథాలయం తెరిచిన సంవత్సరం. నేను పుట్టింది అంతకు ముందటి కార్తీకంలో. బడి రాసిన దానికంటే ఎనిమిది నెలలు పెద్దదాన్ని.

తిరుగు బస్సులో అడిగాను. "ఎందుకు అడిగిండ్రు సార్? మిమ్మల్ని ఎవలన్న అడగమన్నరా?"

"కండ్లకు కనవడ్డంక ఎట్ల ఊకుంట బిడ్డా?"

"నాకు మంచిగ కావాల్నని మీకు లేదా?"

"ఉన్నది. గందుకే తిప్పి చూసిన. నాకు ఇష్టమైందే దొరికిందంటే నాకు భయమైతది."

ఆ మాట ఆ రోజు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చాక మామ అన్నాడు, "గా ముచ్చట మనింట్లనే ఉంటది. జంపఖానా ఫోటో వెట్టి పంపు." నేను పుణ్యాత్మురాలిని కాదు. రెండు రోజులు కూర్చొని ఆ అఫిడవిట్ ముసాయిదా కూడా రాశాను. బాగానే కుదిరింది. చదువుకుంటుంటే ఒకటే అనిపించింది: రేపు నల్లకోటు వేసుకొని ఒక సాక్షిని నిలబెట్టి, ఎట్ల తెలుసు అని ఏ నోటితో అడుగుతాను? చింపేశాను. స్కాలర్‌షిప్ వాళ్లకు జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. చెవి పరీక్ష, అంచు మీది సంవత్సరం, బాపు విప్పి నేసిన సంగతి, అన్నీ. ఇది వయసు లెక్క అయితే నన్ను తీసేయండి, ప్రతిభ లెక్క అయితే నా మార్కులు చూడండి అని ముగించాను.

సార్ రెండుసార్లు చదివారు. మెచ్చుకుంటారేమోనని చూశాను.

"కాపీ ఉంచుకున్నవా?" అన్నారు.

వయసు మించినందున పరిశీలించలేదని నెలలోపే రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇంటికి కుట్టుమిషన్ కూడా వచ్చింది. సార్ తమ వకీలు ఆఫీసులో నాకు దస్తావేజుల నకళ్లు రాసే పని ఇప్పించారు. పొద్దున నకళ్లు, మధ్యాహ్నం జాకెట్లు. రెండేళ్ల తర్వాత ఆ సంపాదనతోనే లాలో చేరాను. నేను మొదటి కేసు వాదించిన రోజు ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. గెలిచి బయటికొస్తే, "అవతలి సాక్షిని మంచిగ అడిగినవ్. మన సాక్షిని ఎందుకు అడగలే?" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కాలం చెల్లిన ఆచారాల మీద పత్రికల్లో నిప్పులు చెరుగుతానని నాకు పేరు. కానీ ఒక వ్యాసంలో నా పక్షానికి మరీ చక్కగా సరిపోయే వాక్యం పడితే, ఆ రాత్రికి దాన్ని పక్కన పెట్టి, పొద్దున తిరగేసి చూస్తాను. సగం తీసేయాల్సి వస్తుంది. ఆనాటి ఉత్తరం కార్బన్ కాపీ ఇంకా నా బీరువాలో ఉంది, అక్షరాలు మసకబారాయి.

మొన్నటి సభలో కూడా జంపఖానా అంచును కొంచెం ఎత్తి కింది వైపు చూశాను. పక్కన కూర్చున్న అమ్మాయి వంగి, "ఏమన్న పోయిందా మేడం?" అంది.

"ఏం లేదు బిడ్డా," అన్నాను. "ఎప్పుడు నేసిండ్రో చూస్తున్న."