దేవసహాయమన్న అమ్మిన చవక ఫోను

సాయంత్రం డ్యూటీ దిగి బస్టాండు వెనక సందులోంచి నడుస్తుంటే ఒక్కోరోజు ఆ పొగ వాసన వస్తుంది. ఫోన్లు బాగుచేసేవాళ్లు వేడి కడ్డీతో సన్నని తీగలు అతికేటప్పుడు లేచే పొగ. మొదట గుగ్గిలంలాగా ఉంటుంది, గొంతులో దిగేసరికి చేదెక్కుతుంది. నేను పనిచేసే పెద్ద షోరూములో అలాంటి వాసనలు ఉండవు. అక్కడ చల్లగాలి, అద్దాలు, నవ్వే ముఖాలు. పాడైన ఫోన్లకు అక్కడ చోటు లేదు. ఆ పొగ తగిలినప్పుడు మాత్రం బల్ల మీదికి వంగిన దేవసహాయమన్న నెరిసిన తల కనిపిస్తుంది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. ఆయన ఫోన్ల కొట్టు ఎక్కడుండేదని ఇప్పుడు అడిగితే ఆ వీధివాళ్లే తడుముకుంటారు.

ఇంటర్ అయ్యాక నన్ను పై చదువుకు పంపే స్తోమత మా ఇంట్లో లేకపోయింది. ఏర్పేడు దగ్గర మా పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయన కొట్లో పనికి కుదిరాను. వచ్చిన మొదటిరోజే నేను గిరాకీ ముందు అరలోని ఫోన్లన్నీ పరిచేశాను. ఆ మనిషి వెళ్లిపోయాక ఆయన నవ్వి, "పాపా, ముందు ఫోను సూపించొద్దు. ముందు మనిషిని సూడు. ఏం పని చేస్తాడు, యాడ ఉంటాడు, ఎవరితో మాట్లాడల్ల, అది అడుగు. ఆ మాటల్లోనే ఏ ఫోను ఇయ్యాలో తెలిసిపోతాది" అన్నాడు. నాకు అమ్మకం నేర్పిన పాఠం అదొక్కటే. తర్వాత షోరూములో ఎన్ని శిక్షణలు ఇచ్చినా దాన్ని మించింది ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో కొట్టు సరదాగా ఉండేది. ఒకసారి ఒకాయన కొండ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. నున్నటి గుండు, దానినిండా గంధం. మా దగ్గర కొత్తగా కొన్న చవక ఫోను ఆయన ముఖం చూసి తెరుచుకోవడం మానేసిందట. గొడవకు సిద్ధమై వచ్చాడు. దేవసహాయమన్న ఆయన్ని కూర్చోబెట్టి, "పైన స్వామి గుర్తుపట్టినాడు గదప్పా, అది పెద్ద సంగతి. ఈ ఫోనుకు మనం మళ్లీ పరిచయం చేసుకుందాం, రా" అన్నాడు. ఆదివారం చర్చికి పోయే మనిషి ఆ మాట అనేసరికి గుండాయన పగలబడి నవ్వాడు. పోతూ ఇద్దరికీ లడ్డూ ముక్క పెట్టాడు.

చవక ఫోనంటే దేవసహాయమన్నకు చిన్నచూపు లేదు. ఇంకా చెప్పాలంటే దాని మీద ఆయనకు ఒక భక్తి ఉండేది. దాని కారణం ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పాడు. "మా నాయన గూడూరులో పోయినాడు. అప్పుడు నేను మద్రాసులో పని చేస్తా ఉండినాను. కబురు నాకు అందేతలికి మట్టి కూడా ఏసేసినారు. ఆయన ముఖం సూడలేదు నేను. అందుకే చెప్తాండా, కూలోడి చేతిలో కూడా ఫోను ఉండల్ల. మంచిదా, చెడ్డదా అని కాదు. ముందు ఉండల్ల." అందుకే అందరూ వెనక అరలో పెట్టే ఖరీదు తక్కువ ఫోన్లను ఆయన ముందు వరసలో పెట్టేవాడు.

రాజమ్మ అలా వచ్చిన గిరాకీయే. గూడూరు వైపు ఒక నిమ్మతోటలో ఆమె, భర్త మునెయ్య కాపలా ఉండి, అక్కడే కూలి చేసేవాళ్లు. కూతురు లావణ్య చిత్తూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఆ పిల్లను దిగబెట్టి తిరిగిపోతూ దోవలో మా కొట్టుకు వచ్చింది. రాజమ్మ చేతిలో అంకెలు చెరిగిపోయిన పాత బటన్ ఫోను ఉంది. "దీంట్లో గొంతు వినిపిస్తాది అన్నా. బిడ్డ ముఖం కనపడదు. ముఖం కనపడే ఫోను ఇయ్యి" అని అడిగింది. అన్న అన్నిటికన్నా తక్కువది తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నాకు చాల్తాదా అన్నా?" అని ఆమె అనుమానంగా అడిగింది. "నువ్వేమన్నా సినిమాలు తీస్తావా రాజమ్మా? మాట్లాడల్ల, బిడ్డను సూడల్ల. దానికి ఇది బ్రమ్మాండంగా చాల్తాది" అన్నాడు. పాత ఫోను మార్పిడికి తీసుకున్నాడు. అక్కడే నిలబెట్టి లావణ్యకు వీడియో కాల్ కలిపి ఇచ్చాడు. తెరమీద కూతురు ముఖం పడగానే రాజమ్మ అరచేత్తో ఆ అద్దాన్ని తుడిచింది. దేవసహాయమన్న అటు తిరిగి కళ్లజోడు సర్దుకున్నాడు.

ఆ ఎండాకాలంలో ఆమె మళ్లీ వచ్చింది. నుదుట బొట్టు లేదు. కొట్లో ఇంకెవరూ లేరు. ఫోను గాజుబల్ల మీద పెట్టింది. తర్వాత అరవకుండా, ఏడవకుండా చెప్పుకొచ్చింది.

"మిట్టమధ్యాన్నం నీళ్లు కడతా ఉంటే ఆయన్ను పాము కరిసిందన్నా. అంబులెన్సుకు చేద్దామని దీన్ని తీసినాను. ఎండకు పెనం మాదిరి కాలిపోతాండాది. ఎంత గీకినా పలకలే. నడిమద్దెలో ఆ చక్రం తిరగతా ఉండాది, తిరగతానే ఉండాది. దీన్ని ఆడ పారేసి రోడ్డుకాడికి పరిగెత్తినాను. ఎవరో బండి ఆపినారు. ఆస్పత్రి కాడికి పోయేతలికి అయిపోయింది."

అన్న లేచి ఆమె వైపు స్టూలు జరిపాడు.

"ఆ పాత ఫోను ఉండింటే నొక్కినెంటనే పోయుండు గదన్నా" అంది ఆమె. అందులో నింద కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. ఫోను అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ ఫోను కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాడు. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడే. ఫోనును ఏదో యంత్రానికి తగిలించి చూసి, "ఫోన్లో లోపం ఏమీ లేదు సార్. మెమరీ నిండిపోయింది, పైగా ఎండలో వాడారు. మామూలు వాడకానికి ఇది మంచి ఫోనే. వాడేవాళ్లకు తెలియకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు.

"దీంట్లో ఆమె ఏం నింపిందో సూసినావా నాయనా?" అన్నాడు అన్న. "బిడ్డ ఫోటోలు. అవి తప్ప ఇంకేమీ లేవు. మామూలు వాడకమంటే ఏంది మరి? తోటలో పనిచేసేవాళ్లు పాము కరిస్తే ముందు నీడకు పోయి, ఫోను సల్లారబెట్టుకోవల్లనా?"

కుర్రవాడు తల దించుకుని తర్వాతి టోకెన్ పిలిచాడు.

ఆ వారంలోనే అన్న కొట్లో ఉన్నవాటన్నిటిలోకి గట్టి ఫోను ఒకటి సంచిలో పెట్టుకుని, "రా పాపా, ఇచ్చొద్దాం" అన్నాడు. ఇద్దరం రైల్లో గూడూరు వెళ్లి, అక్కడినుంచి ఆటోలో తోటకు చేరాం. రాజమ్మ చెట్ల కింద రాలిన నిమ్మకాయలు ఏరుతోంది. ఆమె వెనకే, తలకు తువ్వాలు చుట్టుకుని ఒక అమ్మాయి గోనెసంచి ఈడ్చుకుంటూ వస్తోంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. ఆరోజు తెరమీద కనిపించిన లావణ్య. ముళ్లు గీరుకుని చేతులనిండా ఎర్రని చారలు.

అన్న డబ్బా తీసి ఆమెకు ఇవ్వబోయాడు. "ఇది మంచిది రాజమ్మా. ఎండకు ఆగతాది. నాకేమీ ఇయ్యొద్దు."

రాజమ్మ చేతులు చాచలేదు. "ఇంగ నాకు ఫోనెందుకన్నా?" అంది. "సూడల్లనుకున్న బిడ్డ ఇంట్లోనే ఉండాది. ఒక్క కూలితో హాస్టలుకు ఎట్లా కట్టేది? వచ్చేసింది."

లావణ్య మావైపు చూడకుండా సంచి మూతి బిగించి, పక్క చెట్టు కిందికి వెళ్లింది. మాకు చెంబుతో నీళ్లిచ్చింది కూడా ఆ పిల్లే. మేం తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుని మళ్లీ పనిలోకి పోయింది.

తిరుగు రైలు శ్రీకాళహస్తి దాటింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఉన్నోడి ఇంట్లో చవక ఫోను ఉంటే అది నాలుగో ఫోను పాపా. ఆగిపోతే పక్కన ఇంకోటి ఉంటాది, పక్కింట్లో ఇంకోటి ఉంటాది. ల్యానోడికి ఆడ అదొక్కటే. అదొక్కటే ఉన్నోళ్ల చేతికి మనం ఆగిపోయేదాన్ని ఇస్తాండాం. ఉండల్ల, ఉండల్ల అని నేనే ఎగబడి అమ్మినాను. పలకాల్సినప్పుడు పలకల్ల అనేది నాకు తట్టలేదు."

తప్పు మీది కాదన్నాను. ఆయన నన్ను చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరునాడే ఆ రకం ఫోన్లన్నీ అరలోంచి తీసేశాడు. అడిగినవాళ్లకు మొహమాటం లేకుండా, "వద్దప్పా, ఇది అవసరానికి పలకదు" అని చెప్పడం మొదలుపెట్టాడు. వీధిలో ఆ మాట పాకింది. సరుకు వేసే డిస్ట్రిబ్యూటరు వచ్చి చెప్పిచూశాడు. "అందరూ అమ్ముతున్నారు, అందరూ కొంటున్నారు, నీకొక్కడికే ఎందుకన్నా ఈ బాధ?" అన్నాడు. వినకపోయేసరికి, చవకవి తీసుకోనివాడికి మంచివి కూడా వేసేది లేదన్నాడు. అరలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పక్క కొట్టువాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత వెక్కిరించారు. "దేవసహాయానికి పిచ్చి పట్టింది" అని నా ముందే అన్నారు. గిరాకీ లేని కొట్లో ఆయన పాత ఫోన్లు విప్పుకుంటూ, అతుకుతూ కూర్చునేవాడు. చివరికి షట్టరు దించేసి, ఈ ఊళ్లోనే కూతురి ఇంట్లో ఒక గదికి పరిమితమైపోయాడు. చక్కెర జబ్బు ముదిరింది. నేను చూడటానికి వెళితే యోగక్షేమాల కన్నా ముందు, "ఆ పిల్ల మళ్లీ చదువులో చేరిందా?" అని అడిగేవాడు. చేరలేదని చెప్పడం నావల్ల అయ్యేది కాదు. "కనుక్కుంటాలే అన్నా" అనేదాన్ని. ఆయనకు అర్థమయ్యేది. పోయినేడు వానల్లో ఆయన పోయాడు. ఆయన చివరిదాకా తలుచుకున్న ఆ పిల్ల బాగుపడిన కబురు ఒక్కటైనా ఆయనకు అందలేదు.

నేను బతకాలి కాబట్టి ఇంకా ఫోన్లే అమ్ముతున్నాను. షోరూములో మాకు చెప్పిన మాట ఒకటుంది: తక్కువ ధర ఫోను చూపించేటప్పుడు 'రోజువారీ అవసరాలకు సరిపోతుంది' అనాలి. నాకది నోట్లోంచి రాదు. మొన్న ఒకామె ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆమెది సత్రంలో గదులు ఊడ్చే పని. అలాంటి ఫోనునే వేలితో చూపించింది. మీ ఇంట్లో ఇంకో ఫోను ఉందా అని అడిగాను. "యాడుందమ్మా, ఇదొక్కటే మా ముగ్గురికీ" అంది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. వేడెక్కితే ఆగిపోతుందని, నిండితే బిగుసుకుపోతుందని, అత్యవసరానికి దీన్ని నమ్ముకోవద్దని, వీలైతే కొంచెం ఆగి ఇంకాస్త గట్టిది కొనమని.

ఆమె శ్రద్ధగా విన్నది. "ఎన్నాళ్లు ఆగినా మాకు అందేది ఇదే గదమ్మా" అంది.

ఇంతలో మేనేజరు వచ్చాడు. నన్ను పక్కకు పిలిచి, రేపటినుంచి ఫోన్లు వదిలేసి కవర్లు, ఛార్జర్ల కౌంటరు చూసుకోమన్నాడు. నేను తిరిగి వచ్చేసరికి పక్క కౌంటరు కుర్రవాడు ఆమెకు అదే ఫోను డబ్బాలో పెట్టి ఇస్తున్నాడు. కూతురు సంబరంగా డబ్బాను గుండెకు హత్తుకుంది. ఆమె తలుపు దాకా పోయి, ఆగి, నావైపు తిరిగి నవ్వింది. మంచి చెప్పావులే తల్లీ, ఏం చేస్తాం అన్నట్టున్న నవ్వు. నామీద కోపం గానీ, ఆ ఫోను మీద నమ్మకం గానీ అందులో లేవు. ఆ నవ్వుకు ఏం జవాబు చెప్పాలో దేవసహాయమన్న నాకు నేర్పకుండానే పోయాడు.