జెర జరగండి

దయ్యాలున్నాయని నాతో వాదించడానికి వచ్చినవాళ్లెవరూ మా ఇంట్లో రెండో కప్పు టీ తాగలేదు. మా చర్చిలో సాక్ష్యం చెబుతూ చనిపోయినవాళ్లు కనిపించారని ఎవరైనా మొదలుపెడితే లేచి బయటికి వచ్చేసేవాణ్ని. ఇప్పటికీ వస్తాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకా. మిగతాదంతా రాంగోపాల్‌పేట్‌లో ఒక ప్రెస్సులో అక్షరాలు కూరుస్తూ, ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతూ నేర్చుకున్నదే. కళ్లతో చూడనిది నమ్మను. కళ్లతో చూసినదాన్ని లేదంటే ఊరుకోను. ఈ రెండో సంగతి కోసమే ఇది రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. ఇవాళ బంద్, రేపు ధర్నా అంటూ కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలిసేది కాదు. సీతాఫల్‌మండిలో మా ఇంటి మేడమీది గదిలో రజిత అనే అమ్మాయి అద్దెకుండేది. కరీంనగర్ వైపు పిల్ల. తనంతట తానే దారి వెతుక్కుని తిరిగే యంత్రం మీద పరిశోధన చేసేది. కాలేజీకి తాళం పడ్డాక ఆ యంత్రాన్ని ఆటోలో వేసుకొచ్చి, "తాతా, మీ కింది నడవల దీన్ని జెర తిప్పుకోనా?" అని అడిగింది. సరే అన్నాను.

పీటంత ఎత్తున్న బండి అది. ముందు గిరగిరా తిరిగే ఒక డబ్బా. అందులోంచి కంటికి కనపడని వెలుగు పిక్కల ఎత్తులో చుట్టూ పాకుతుంది. దేనికి తగిలితే అది కంప్యూటర్ తెర మీద చుక్కలుగా పడుతుంది. కుర్చీయో పూలకుండీయో అయితే బండి చప్పుడు చేయకుండా పక్కనుంచి పోతుంది. మనిషి కాళ్లనిపిస్తే మాత్రం ఆగి, రజిత గొంతుతో "జెర జరుగు" అంటుంది. కాళ్లు తప్పుకునేదాకా కదలదు. ఆసుపత్రుల్లో మందులు మోయడానికి ఇలాంటివి కావాలట.

మా నడవ పొడవుగా, ఇరుగ్గా ఉంటుంది. ఒక చివర వీధి తలుపు, ఇంకో చివర వంటిల్లు. మొదటి రోజే బండి నడవ మధ్యకు వచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. "జెర జరుగు" అంది. కాసేపాగి మళ్లీ అంది.

రజిత తల పట్టుకుంది. "గిదేంది తాతా, ఖాళీ జాగల మనిషున్నడంటది! దీని దిమాక్ ఖరాబైంది." నన్ను పిలిచి తెర చూపించింది. నడవ మధ్యలో చుక్కలు మూడు గుంపులుగా ఉన్నాయి. రెండు లావుగా, పక్కపక్కన. మూడోది సన్నగా, కాస్త ముందుకు.

తెర మీంచి నడవ మధ్యకు చూపు తిప్పాను. మా అక్క కరుణమ్మ చివరి రోజుల్లో చేతికర్ర పట్టుకుని నిలబడేది సరిగ్గా అక్కడే. వీధి గాలి బాగా తగిలే చోటు అది. అక్క పోయిన చాలా ఏళ్లకు రజిత మా ఇంటికి వచ్చింది. ఆమె సంగతులేవీ నేను చెప్పలేదు. గోడ మీదున్న ఫొటోలో ముఖమే గాని కర్ర లేదు.

నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. నిలువుటద్దానికి దుప్పటి కప్పాను. తలుపులు మూసి ఎండ రాకుండా చేశాను. ఆయిల్ పెయింటు మెరుస్తుందేమోనని గోడలకు పాత పేపర్లు అంటించాను. ఆ చోట నేలంతా చేత్తో తడిమాను. ఏమీ తగల్లేదు. రజిత ఆ డబ్బా తీసేసి వేరేది పెట్టింది. అవే మూడు గుంపులు. వంటింట్లో లేవు, వరండాలో లేవు. అక్కడే.

పొద్దస్తమానం ఆ "జెర జరుగు" వినీ వినీ ఒకరోజు నాకు మండిపోయింది.

"ఏంటమ్మా, పెద్దవాళ్లున్న ఇంట్లో జరుగు జరుగు అని! అండీ అంటే నోరరిగిపోతుందా?"

"మా దిక్కు అవ్వను సుత నువ్వే అంటం తాతా. గౌరవం లేక కాదు, మనోళ్లని."

"నీ బండికి నేను మనోణ్ని ఎప్పుడయ్యాను?"

పకపకా నవ్వింది. "సరే తియ్, దీనికి జెర తమీజ్ నేర్పిస్త." గొంతు మళ్లీ రికార్డు చేసి పెట్టింది.

బండి వచ్చింది. అక్కడే ఆగింది. "జెర జరగండి" అంది. తెర మీద మూడు గుంపులూ నెమ్మదిగా కిటికీ ఉన్న గోడవైపు జరిగాయి. లావువి రెండూ గోడకు ఆనుకున్నాయి, సన్నది వాటి ముందుకు చేరింది. బండి దాటిపోయింది.

మా అక్క మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. గుంటూరు మనిషి. ఈ ఊళ్లో ఎన్నేళ్లున్నా ఏకవచనం పడేది కాదు. "జరుగు" అంటే పాలవాడైనా పాస్టరుగారైనా ఒకటే, చెవిటిదానిలా నిలబడేది. "జరగండి" అంటేనే కిటికీ గోడకు ఆనుకుని, కర్ర ముందుకు పెట్టుకుని దారిచ్చేది.

అప్పుడు చెప్పాను రజితకు. దాని నవ్వు ఆగిపోయింది. "తాతా, ఆ గొంతు ఒట్టి హారన్ లెక్క. ఏమన్నా చుక్కలకు ఫరక్ పడది" అంది. గుంపులు మళ్లీ నడవ మధ్యకు వచ్చాక పాత గొంతు పెట్టి చూసింది. బండి ఆగిన చోటే ఉండిపోయింది.

గైడు సంతకం పెడితేనే ఆ పిల్లకు డిగ్రీ. గడువు దగ్గరపడింది, కాలేజీ తెరవలేదు. బండి పనితనం చూడటానికి ఆయనే మా ఇంటికి వచ్చాడు. బూట్లతోనే నడవలోకి వచ్చి, ముందు ఆ గొంతు ఆపేయమన్నాడు. బండి నడవ మధ్య ఆగిపోయింది. ఆయన తెర చూసి నవ్వి, ఖాళీ చోటుకేసి చెయ్యి విదిలించాడు. "ఎవరమ్మా అక్కడ? ఏయ్, జరుగు జరుగు!"

నాకు ఒళ్లు మండింది. చుక్కలు కదల్లేదు. రజిత కొత్త గొంతు పెట్టింది. "జెర జరగండి." చుక్కలు గోడకు చేరాయి. బండి వంటింటిదాకా వెళ్లి వచ్చింది. ఆయన నా పక్కనే నిలబడి అంతా చూశాడు.

"నాయిస్" అన్నాడు. "ఒట్టి సెన్సార్ నాయిస్, యంత్రం తప్పు. అక్కడేమీ లేదు. ఈ ఇంటి రీడింగులన్నీ తీసేయ్."

"సార్, ఎందుకొస్తుందో తెలుస్తలేదని ఒక్క లైన్ రాస్త సార్. గంతే."

"తెలీదని రాయడానికి థీసిస్ ఎందుకమ్మా? ఆ లైనుంటే నా సంతకం ఉండదు."

అది మా అక్క అని నేను అనలేదు. ఇప్పుడూ అనను. కానీ వంగి చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా, ఒక పేరు తగిలించి అవతల పారేయడం ఏం చదువు? ప్రెస్సులో ప్రూఫు మీద అర్థం కాని మాట తగిలితే పక్కన ప్రశ్న గుర్తు పెట్టి పంపేవాళ్లం. కొట్టేసే హక్కు మాకు లేదు. ఈయనకెవరిచ్చారు?

ఆయన బ్యాగు తీసుకుని బయల్దేరాడు. నడవ మధ్యకు వచ్చాక బ్యాగును గుండెకు అదుముకుని, కిటికీకి ఎదురు గోడను వీపుతో రాసుకుంటూ, పక్కవాటుగా అడుగులేసి దాటాడు. పెద్దావిడెవరో నిలబడి ఉంటే తగలకుండా వెళ్లినట్టు. దాటాక మళ్లీ తిన్నగా నడిచాడు.

"సార్, అక్కడేమీ లేదన్నారు కదా" అన్నాను. "మరెందుకు పక్కకు తిరిగారు?"

ఆయన ఆగి వెనక్కి చూశాడు. ముఖంలో వెటకారం లేదు.

"తిరిగానా?" అన్నాడు.

రజిత ఆ రీడింగులు తీసేసింది. "ఏమనుకోకు తాతా" అంది మెట్లెక్కుతూ. ఏమనుకుంటాను? దాని చదువంతా ఒక సంతకం కింద ఇరుక్కుంది. డిగ్రీ వచ్చింది. థీసిస్‌లో మా నడవ ఊసే లేదు. బండీ వెళ్లిపోయింది.

ఎన్ని విధాల ఆలోచించినా నాకు అందలేదు, కోపమూ తగ్గలేదు. ఆ పిల్లను రాయనివ్వని ఆ ఒక్క లైను నేనే ఇక్కడ రాస్తున్నాను: ఆ నడవలో ఏముందో మాకు తెలియదు.