అటు తిరిగి నిలబడిన మనిషి

మా ఫోను బాబాయిగారు పోయారు. మొన్న పొద్దున్న నేను కూరకి పోపు వేస్తుంటే మా తోడికోడలు ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి ఆపేసి గుమ్మంలో కూలబడిపోయాను. వీధిలో ఏ ఇంటి పుట్టుకైనా చావైనా ముందు ఆయన నోటే వినేవాళ్ళం. ఆయన కబురు మాత్రం ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. నేను పలివెల నుంచి కోడలిగా ఈ ఊరు వచ్చేసరికి, అమలాపురం బస్సు ఆగేచోట, రోడ్డు మీదకి ఉన్న తన ముందు గదిలో ఎస్టీడీ బూత్ పెట్టుకుని ఉన్నారు. ఇంటింటికీ ఫోన్లు లేని రోజులవి. కువైట్‌లోనూ మస్కట్‌లోనూ ఉన్న మావాళ్ళందరూ ఆ నంబరుకే చేసేవారు. "పది నిమిషాలాగి మళ్ళీ చెయ్యండి, పిలుస్తాను" అని ఫోను పెట్టేసి, రోడ్డు మధ్యకొచ్చి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఒక్క కేక వేసేవారు. "మామ్మగారోయ్! కువైట్ ఫోనండోయ్! అమ్మాయిగారండోయ్!" కాలవ అవతల బట్టలుతికేవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. ఎవరమ్మాయి ఏ దేశంలో ఉందో, నెలకి ఎన్నిసార్లు ఫోన్ చేస్తుందో ఊరందరికీ తెలిసింది ఆ కేకల వల్లనే. అదంటే ఆయనకి ఎంత గర్వమో చెప్పలేను.

మామ్మ అంటే మా ఎదురింటి మామ్మ. రెండు గదుల పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో ఎవరింట్లోనో వంటపని చేసేది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చేది. కువైట్ ఎంత దూరమో అంత గట్టిగా మాట్లాడాలని మా వీధి పెద్దవాళ్ళ నమ్మకం. మామ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుని, "ఆవకాయ పెట్టేనే! ఎవరైనా వస్తే పంపుతాను! మోకాలు అలాగే ఉందే! నీ గాజులు భద్రంగా ఉన్నాయే!" అని అరుస్తుంటే బూత్ ముందు బల్ల మీద కూర్చున్నవాళ్ళందరం నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. ఏం చూసుకుని నవ్వానో!

ఒక వేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకతను మా గుమ్మం ముందు ఆగాడు. సెంటు వాసన గుప్పుమంది. "కువైట్ అమ్మాయిగారి మామ్మగారిల్లు ఏదండీ?" అన్నాడు. ఎంత మర్యాదో! నేనే చెయ్యెత్తి చూపించాను. ఈ చేత్తోనే.

సెలవు మీద వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు తోటివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పచ్చళ్ళూ అప్పడాలూ పట్టుకెళ్ళడం ఇక్కడ మామూలే. కొత్తమనిషి వచ్చి "మీ అమ్మాయి పంపిందండి" అంటే మేం ఊరూ పేరూ అడగం. ముందు మజ్జిగ ఇస్తాం. మామ్మా అదే చేసింది. "మీ అమ్మాయి పనిచేసే పక్కింట్లో డ్రైవర్నండి. రేపే ప్రయాణం. ఆవకాయ తప్పకుండా పట్టుకురమ్మందండి. మీ మోకాలు ఎలా ఉందో చూసి రమ్మందండి" అన్నాడట. ఆ మోకాలి మాట వినగానే మామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతన్ని ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి, తను వెనక వంటపాకలోకి వెళ్ళి జాడీ దింపింది. నూనె కారకూడదని కవరులో కట్టి, దానిమీద అరిటాకు చుట్టి, దానిమీద గుడ్డ చుట్టి, తాడు వేసి కట్టింది. ప్రేమకొద్దీ చేసే పని తొందరగా ఎలా తెములుతుంది?

నేను చూసింది ఆ తర్వాతది. మామ్మ కుంటుకుంటూ, ఎండలో చెప్పుల్లేకుండా, ఆ మూట గుండెకి హత్తుకుని రోడ్డు మీదకి పరిగెడుతోంది. "బాబూ! ఓ బాబూ! ఆవకాయ మర్చిపోయేవు నాయనా!" అని కేకలేస్తోంది. మంచం కింద ట్రంకుపెట్టె తెరిచి ఉన్న సంగతి అప్పటికి ఆవిడ చూసుకోలేదు. నాలుగేళ్ళు ఎవరింట్లోనో వండి వార్చి కూతురు కూడబెట్టి పంపిన బంగారు గాజులు అందులో ఉండేవి. వచ్చే ఏడు వాటితో ఇంత స్థలం కొనుక్కుని, కూతురు ఇంటికొచ్చేయాలని అనుకున్నారు.

పోలీసులొచ్చారు, అడిగారు, రాసుకున్నారు, వెళ్ళారు. అతనికి ఇంటి సంగతులన్నీ ఎలా తెలిశాయని వీధంతా తల బద్దలు కొట్టుకుంది. మర్నాడు పొద్దున్న బాబాయిగారు మామ్మ అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం ఒత్తుకుంటూ అన్నారు. "అతగాడు రెండ్రోజులు నా బల్ల మీదే కూర్చున్నాడండి. హైదరాబాద్ నుంచి ఫోన్ రావాలన్నాడండి. నేనే టీ ఇప్పించేను. కువైట్ ఫోనని నేనే కేకేసేను. తప్పు నాదండి, మామ్మగారూ." ఆవిడ తలుపు తెరవలేదు.

ఆ శుక్రవారం ఆయన కేక వెయ్యలేదు. నడిచి వచ్చి, కిటికీ దగ్గర చిన్నగా చెప్పారు. "నేను లేనని చెప్పు. దాని మొహం ఎలా చూడను?" అంది లోపల్నించి మామ్మ. ఫోన్లో మొహం కనబడదుగా అని నాకు తోచింది. ఆయన వెనక్కి వెళ్ళి, ఫోన్ తీసి, జరిగిందంతా ఆ అమ్మాయికి తనే చెప్పారు. ఏడుస్తుందనుకున్నారట, తిడుతుందనుకున్నారట. ఆ అమ్మాయి మాత్రం, "మా అమ్మని వాడేం కొట్టలేదు కదండీ?" అని అడిగిందట. ఈ మాట నాతో ఎన్నిసార్లు చెప్పారో! చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవారు. ఆ అమ్మాయి మరో మూడేళ్ళు అక్కడే ఉండిపోవలసి వచ్చింది.

ఆ తర్వాత బాబాయిగారు మారిపోయారు. బూత్‌కి చెక్క తలుపు పెట్టించారు. ముందున్న బల్ల తీయించి లోపలి వసారాలో వేయించారు. ఏ పెద్దవాళ్ళకి ఫోనొచ్చినా ఇంటికెళ్ళి తీసుకొచ్చి, లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి, తను బయట రోడ్డువైపు తిరిగి నిలబడేవారు. నెత్తిన తువ్వాలు, చేతులు వెనక్కి కట్టుకుని. ఎవరైనా దగ్గరికొస్తే "కాస్త ఆగండి, ఇంటి మాటలు" అనేవారు. మనిషి స్వతహాగా కబుర్లపోగు. వినకుండా ఉండటం ఆయనకి ఎంత కష్టమో మాకు తెలుసు. మా ఆయన వేళాకోళం చేస్తే, "ఆయ్, కాళ్ళు పీకుతున్నాయండి, చెవులు అంతకన్నా పీకుతున్నాయండి" అనేవారు.

ఆనవాలు ఏర్పాటు కూడా ఆయనదే. గల్ఫ్ నుంచి ఎవర్ని పంపినా వాళ్ళకో మాట చెప్పి పంపాలి. తల్లికీ బిడ్డకీ తప్ప మరొకరికి తెలియని మాట. గుమ్మంలో అది చెబితేనే గడియ తియ్యాలి. ఇంటింటికీ తిరిగి నేర్పారు. మామ్మ చేత తలుపు తెరిపించడానికి మాత్రం నెల పట్టింది. "అలా అడిగితే అవమానం కాదుట్రా? మన పిల్లలు పంపినవాళ్ళని ఎండలో నిలబెడతామా?" అంది. "మర్యాద వేరండి, గడియ వేరండి. మజ్జిగ కిటికీలోంచి ఇవ్వచ్చండి. నిజంగా అమ్మాయిగారు పంపినవాడైతే పది నిమిషాలు నిలబడతాడు. దొంగవాడికే తొందరండి" అన్నారు. చివరికి ఆవిడ ఫోన్ దగ్గరికొచ్చి, కూతురితో ఒక మాట అనుకుంది. "నాక్కూడా చెప్పకండి మామ్మగారూ. నా నోట్లో నువ్వుగింజ నానదు" అని ఆయన ముందే బయటికి పోయి నిలబడ్డారు.

పనికొచ్చింది కూడా. ఇంకో ఏడాది మా వీధి చివర తాతగారింటికి ఒకడు కరెంటు మీటరు చూడాలని వచ్చాడు. తాతగారు కిటికీలోంచి మంచినీళ్ళిచ్చి, బాబాయిగారికి కబురంపారు. ఈయన వెళ్ళి, వాడికి కొబ్బరిబొండం కొట్టించి, "ఆఫీసుకి ఒక్క ఫోన్ చేసి కనుక్కుందాం, ఆయ్, కూర్చోండి" అన్నారు. బండి నీడలో పెట్టొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. బొండం అలాగే ఉండిపోతే నేనే తాగాను.

మూడేళ్ళయ్యాక ఒక సాయంత్రం ఆ అమ్మాయే వచ్చేసింది, చెప్పాపెట్టకుండా. అప్పటికి మామ్మకి కళ్ళు బాగా మసకలు. "అమ్మా, నేనే" అని తలుపు కొట్టింది. లోపల్నించి, "నేనే అంటే ఎవరు? మాట చెప్పు" అంది మామ్మ. మేమందరం చుట్టూ మూగిపోయాం. బాబాయిగారు పరుగున వచ్చారు. "అటు తిరగండి! అందరూ అటు తిరగండి!" అని మమ్మల్ని గదమాయించి, తనూ రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు. మాకు వినబడింది గడియ తీసిన చప్పుడూ, ఆ తర్వాత ఇద్దరి ఏడుపూ. ఆయన భుజాలు కదలడం చూశాను.

సెల్లులొచ్చాక బూత్ మూతపడింది. అయినా రోజూ సాయంత్రం మామ్మ అరుగు మీదకొచ్చి కూర్చునేవారు. "ఇప్పుడైనా చెప్పండి మామ్మగారూ, ఆ మాటేంటి?" అని అడిగేవారు. "నీకు చెబితే కాలవ అవతలికి వినబడుతుంది, పో" అనేది ఆవిడ. ఇద్దరూ నవ్వుకునేవారు. కూతురు ఇంట్లో ఉంది, దాచాల్సిన అవసరం ఎప్పుడో పోయింది. అయినా ఈయన అడగడం మానలేదు, ఆవిడ చెప్పనూ లేదు.

మొన్న ఆయన్ని ఆ మూసిన బూత్ గది ముందే పడుకోబెట్టారు. వీధి వీధంతా వచ్చింది. మామ్మ ఎనభై దాటిన మనిషి, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, ఆయన తల దగ్గర మెల్లిగా చతికిలబడింది. తువ్వాలు సరిచేసింది. "అస్తమానం అడిగేవాడివిగా, నాయనా" అంది. చెవి దగ్గరికి వంగింది.

నేను లేచి, "అటు తిరగండి, అందరూ అటు తిరగండి" అన్నాను. అందరూ తిరిగారు, ఆయన పిల్లలతో సహా. ఫోన్లో కువైట్‌కి వినబడేలా అరిచే మామ్మ గొంతు నా వెనక ఎంతో చిన్నగా, గుసగుసగా వినబడింది. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఎవ్వరం వెనక్కి తిరగలేదు.