శ్రీరామప్ప పెట్టిన షరతు

కృష్ణగిరిలో మామిడి మండీ నడిపే శ్రీరామప్పకు చదువంటే ఎంత గౌరవమో అంత అనుమానం. పంతొమ్మిది వందల అరవై రెండులో ఊరి పెద్దలు కాలేజీ పెడతామని వచ్చి ఆయన మెట్టపొలం అడిగారు. పొంగిపోయి సరేననబోయాడు. అంతలో లోపలి నుంచి భార్య అంజనమ్మ అందుకుంది.

“తోపు చూడకుండా కాపు కొనవు గదా. కాలేజీ ఎట్లుంటాదో ఎప్పుడన్నా చూసినావా?”

చూడలేదు. నాలుగో తరగతిలోనే ఆగిన మనిషి. అందుకని పెళ్లిళ్లకు వేసుకునే నల్లకోటు తొడుక్కుని, జరీ తలపాగా చుట్టి, హోసూరు మీదుగా బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ ఆయన మేనల్లుడు నాగేశప్ప బీయే చదువుతున్నాడు.

“మామా, వెనక బెంచీలో గమ్మున కూర్చో. ఏమీ మాట్లాడొద్దు,” అని వాడు ముందే బతిమాలుకున్నాడు.

లెక్చరరు వచ్చాడు. కోటునూ తలపాగానూ చూసి, ఎవరో తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అనుకుని, పాత నోట్సు తీసి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. తలలన్నీ వంగాయి. పెన్నులు పరిగెత్తాయి. శ్రీరామప్పకు ముక్క అర్థం కాలేదు గానీ, పెంకుల మీద వాన పడినట్టు ఆ చప్పుడు కాసేపు బాగానే అనిపించింది. తరువాత అనుమానం పుట్టింది.

“ఏం రాస్తా ఉండారబ్బీ?”

“సార్ చెప్పేది, మామా. పరీక్షలో మళ్లీ అదే రాస్తాం.”

“దాన్ని దిద్దేదెవరు?”

“ఇట్లాంటి సార్లే.”

శ్రీరామప్ప ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

“అయ్యా, కోపం చేసుకోవద్దు. మీకు తెలిసింది వీళ్లకు చెప్తా ఉండారు. వీళ్లు అదే మళ్లీ మీకు రాసిస్తారంట. మీకు ముందే తెలుసు గదా, మళ్లీ మీకెందుకు?”

క్లాసంతా గొల్లున నవ్వింది. లెక్చరరుది తెలుగు మాట్లాడే కోలారు కాబట్టి ప్రతి మాటా అర్థమై, నుదురు చెమర్చింది.

“నిజమే సార్. ఇకమీద మార్చుకుంటాను. రిపోర్టులో మాత్రం రాయొద్దు సార్.”

“నాకు రాసేది సరిగా రాదులేప్పా, భయపడొద్దు,” అని శ్రీరామప్ప ఓదార్చాడు. నాగేశప్ప బెంచీ కింద ఏదో పోగొట్టుకున్నవాడిలా వంగినవాడు గంట కొట్టేదాకా పైకి లేవలేదు.

తిరుగు ప్రయాణంలో రాష్ట్ర సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఆ క్లాసు ఆలోచనలోనే ఉన్న శ్రీరామప్పకు అది తెలియనే లేదు. ఊరికి రాగానే పొలం ఇస్తానన్నాడు, ఒక షరతు మీద. వారానికి ఒక గంట ఎవరూ పుస్తకం తెరవకూడదు. పిల్లలు అడగాలి, సార్లు చెప్పాలి. తెలియకపోతే తెలియదని నోటితో ఒప్పుకోవాలి.

“సార్లకు మర్యాద పోతాది గదప్పా!” అన్నారు పెద్దలు.

“పోనీలే. వాళ్లొచ్చేది నేర్పేదానికా, మర్యాదకా?”

మరుసటేడు రేకుల షెడ్డులో కాలేజీ మొదలైంది. మొదటి ప్రశ్నల గంటకు ప్రిన్సిపాలు శ్రీరామప్పనే కుర్చీలో కూర్చోబెట్టి, ఈరోజు ప్రశ్నలన్నీ దాతగారికే అన్నాడు. మామిడి కాపు గురించి ఎవరో అడిగితే ఆయన తలపాగా సర్దుకుని ఉత్సాహంగా చాలాసేపు చెప్పాడు. అప్పుడు సూళగిరి నుంచి వచ్చి చదువుకునే ముత్యాలప్ప లేచాడు.

“అయ్యా, మీ బిడ్డ మునిలక్ష్మమ్మ ఎస్సెల్సీ పాసై ఇంట్లోనే ఉండాదంట. ఈడికెందుకు పంపలేదు?”

ఆడపిల్ల గదా అనే మాట శ్రీరామప్ప నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అది జవాబు కాదని ఆయనకే తోచింది.

“నాకు... తెలీదప్పా.”

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ప్రిన్సిపాలే.

ఇంటికి రాగానే అంజనమ్మ నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ కబురు ఆయనకంటే ముందే వచ్చేసింది.

“ఏడాదిగా నేను అదే అడిగితే దగ్గుతావు. ఆ పిల్లోడు అడిగితే తెలీదంటావా?”

వెనకాల మునిలక్ష్మమ్మ అప్పటికే జడ వేసుకుని చెప్పులు తొడుక్కుని ఉంది.

పీయూసీలో చేరిన తరువాత ఆ పిల్లకు ప్రశ్నల గంట చాలేది కాదు. లెక్చరర్లు వంతులవారీగా మండీకి వచ్చి మొరపెట్టుకుంటే శ్రీరామప్ప మురిసిపోయి వాళ్లకు పండ్లిచ్చి పంపేవాడు. ఆ మురిపెం కాపు సీజను దాకా సాగింది. ఒకరోజు బెంగళూరు బేరగాళ్లు చుట్టూ ఉండగా మునిలక్ష్మమ్మ వచ్చి, ఒక గంపలో చెయ్యి పెట్టి చూసింది.

“నాయనా, పైన పెద్ద కాయలు, అడుగున చిన్నవి ఎందుకు పెట్టినారు?”

బేరగాళ్లందరూ ఆయన వైపు తిరిగారు. శ్రీరామప్ప దగ్గాడు. కూతురు కదలలేదు. ఆ పూట మండీలోని గంపలన్నీ కుమ్మరించి మళ్లీ సర్దించాల్సి వచ్చింది.