సగం తలల ఆదివారం

బారిలే క్షౌరశాల పేరు ‘దేవుడి సమయం’. పెట్టినప్పుడు భక్తితోనే పెట్టాడు. కానీ డియోబు పేటలో మా వీధివాళ్ళకు భక్తి కన్నా వెటకారం పాలు ఎక్కువ. కరెంటు ఎప్పుడొస్తుందో, తల ఎప్పుడు పూర్తవుతుందో దేవుడికే తెలియాలి కాబట్టి పేరు భలే కుదిరిందని ఏడిపించేవాళ్ళు. బారిలే కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. పొట్టి మనిషి, మాట నెమ్మది. ఊరందరి జుట్టూ తీర్చిదిద్దే ఆయన తల మీద మాత్రం నాలుగు వెంట్రుకలు నిలిచేవి కావు.

కొట్టులో ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకు వేలాడే ఒక బుట్ట ఉండేవి. ఆ బుట్ట నిండా టోపీలు. తల సగంలో ఉండగా కరెంటు పోయి, జెనరేటర్‌కు పెట్రోలు కూడా లేకపోతే ఆ మనిషికి బారిలే ఒక టోపీ తీసి ఇచ్చేవాడు. మళ్ళీ కరెంటు రాగానే వచ్చి టోపీ ఇచ్చేసి, మిగతా సగం చేయించుకుని వెళ్ళాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరైనా ఉన్ని టోపీ పెట్టుకుని తిరుగుతుంటే, ఏమైందని మా వీధిలో ఎవరూ అడిగేవారు కాదు.

మంచివాడే కానీ మరీ అమాయకుడేం కాదు. పక్క సందులో ఒక కుర్రాడు ఇన్వర్టర్ పెట్టి, రంగుల లైట్లు వేలాడదీసి కొత్త సెలూన్ తెరిచాక బారిలే ఒక ఎత్తు వేశాడు. కరెంటు రాగానే వరసలో కూర్చున్నవాళ్ళందరికీ ముందు ఒక్కో వైపు గొరిగేసేవాడు. సగం తలతో పక్క సందు దాకా నడిచి వెళ్ళే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ తర్వాత కరెంటు ఉంటే సరే, పోతే జెనరేటర్ లాగి ఒక్కొక్కరినీ తీరుబడిగా పూర్తి చేసేవాడు. అది చేత్తో మోసుకుపోగలిగే బుల్లి జెనరేటర్. ‘పక్కింటోడి కన్నా నేనే నయం’ అని దానికి ఊరంతా పెట్టిన పేరు.

బారిలే పుట్టింది ఒగోనీ ప్రాంతపు వాగుల పక్కన ఒక పల్లెలో. ఆ పల్లెకు కరెంటు ఏనాడూ రాలేదు, అయినా చీకటన్నది తెలియదు. నూనె బావుల పక్కన గ్యాసు మంట రాత్రింబవళ్ళు ఎగిసిపడుతూ ఉండేది. ఆడవాళ్ళు ఆ సెగకు కర్రపెండలం ఎండబెట్టుకునేవాళ్ళు. తండ్రి చేపలు పట్టేవాడు. పైపు పగిలి వాగు నల్లబడ్డాక వల చుట్టి అటక మీద పెట్టేసి, ఆ మంట వెలుగులోనే జనానికి బ్లేడుతో క్షవరం చేయడం మొదలుపెట్టాడు. చెల్లెలు లేయిరాకు పసితనం నుంచీ దగ్గు. ఒక వానాకాలం ఆ దగ్గుతోనే పోయింది. వాళ్ళ ఆచారం ప్రకారం తండ్రి ఇంటిల్లిపాదికీ గుండు గీశాడు. చివరికి ఆయన తల ఒక్కటే మిగిలింది. గీయడానికి ఇంకెవరూ లేరు. బ్లేడు కొడుకు చేతిలో పెట్టి ముందు కూర్చున్నాడు. బారిలే చేసిన మొదటి తల అదే. రెండు చోట్ల తెగింది. తండ్రి కదలలేదు.

తర్వాత పట్నం వచ్చి ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. పని పూర్తిగా వచ్చాక మేస్త్రీ పదిమందిని పిలిచి, ప్రార్థన చేయించి, చేతిలో జుట్టు కత్తిరించే కొత్త కరెంటు మిషన్ పెట్టి, ఇక సొంతంగా బతకమని స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ రోజు నుంచీ బారిలే మళ్ళీ బ్లేడు పట్టలేదు. ఎవరైనా అడిగితే మిషన్ పనే శుభ్రం అనేవాడు.

ఆయన కొట్టు పక్క గదిలో ఇబిసో ఉండేది. భర్త లేడు. బొగ్గుల మీద అరటికాయలు, చేపలు కాల్చి అమ్మేది. ఆవిడ కూతురు బెలెమాకు ఏడేళ్ళు. ఆ పిల్ల పకపకా నవ్వేది, నవ్విన వెంటనే దగ్గేది. ఎంత నవ్వితే అంత దగ్గు. పిల్ల నవ్వితే చాలు, తల్లి ముఖంలో రంగు పోయేది. పొగ తగలకూడదని పొయ్యిని వీధి చివరకు మార్చుకుంది ఇబిసో. కానీ ఆకాశంలోంచి పడే మసిని ఎక్కడికి మార్చుకుంటుంది? మా ఊళ్ళో పొద్దున్నే ముక్కు తుడుచుకుంటే వేలు నల్లగా వస్తుంది. దేశంలో రిఫైనరీలు ఏళ్ళ తరబడి మరమ్మతులోనే ఉండేవి. మా ముడి నూనె ఓడెక్కి పోయి, పెట్రోలై, ఓడ దిగి వచ్చేది. అది చాలక కుర్రాళ్ళు వాగుల వెంట అడవుల్లో దొంగ బట్టీలు పెట్టి ముడి నూనె కాచేవాళ్ళు. ఆ మసి అంతా పిల్లల ఊపిరితిత్తుల్లోకే.

వీధి ఆడవాళ్ళ చీటీ డబ్బుతో ఇబిసో మందు ఆవిరి పట్టే మిషన్ ఒకటి కొంది. అది కరెంటుతో నడుస్తుంది. ఆ పిల్ల ఊపిరి కరెంటాఫీసు దయ మీద ఆధారపడి ఉందన్నమాట. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడాది కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేస్తూ, పెట్రోలు మీద రాయితీ ఇక ఉండదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయన ఇంటికెళ్ళి భోంచేశాడో లేదో, సాయంత్రానికల్లా ధర మూడింతలయింది. సగం బంకులు గొలుసులు వేసుకున్నాయి. తెరిచిన బంకుల ముందు కార్లు వీధులకు వీధులే అడ్డంగా నిలిచిపోయాయి.

ఆ వారం శనివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. “వచ్చిందహో!” అని పిల్లలు వీధంతా కేకలు పెట్టారు. బారిలే తన ఎత్తు ప్రకారం వరసగా నలుగురికీ ఒక్కో వైపు గొరిగేశాడు. అందులో ఇద్దరు మెకానిక్కులు. మూడో మనిషి రిటైరైన డగోగో మాస్టారు. నాలుగో మనిషి మా వార్డు కౌన్సిలర్ న్యెచే. ఆయన్ని అందరూ హానరబుల్ అనాలి, లేదా ఓగా, అంటే దొరా, అనాలి. అనకపోతే పలకడు. వీధికి ట్రాన్స్‌ఫార్మర్ తెస్తానని ప్రతి ఎన్నికకూ మాట ఇచ్చేవాడు. ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ కమిటీకి చైర్మన్ అయ్యాడు. అందుకు కృతజ్ఞతగా మర్నాడు చర్చిలో ప్రత్యేక ప్రార్థన పెట్టించుకున్నాడు.

హానరబుల్ ఎడమ వైపు పూర్తవగానే కరెంటు పోయింది.

“పోయిందా? శుభం,” అన్నాడు డగోగో మాస్టారు. “చైర్మన్‌గారి పాలన మొదలైంది.”

“ఆ వెటకారాలే వద్దు మాస్టారూ,” అన్నాడు హానరబుల్, మెడకు కట్టిన గుడ్డతోనే కుర్చీలో ఇటు తిరిగి. “బారిలే, జెనరేటర్ లాగవయ్యా. ముందు నా పని కానీ.”

బారిలే దగ్గర మిగిలింది ఒక సీసాడు పెట్రోలు. జెనరేటర్‌లో పోసి తాడు లాగాడు. అది దడదడమని అందుకునే సరికి ఇబిసో పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు బొగ్గు మసి అలాగే ఉంది.

“అన్నా! పిల్లకి ఊపిరాడట్లేదన్నా! పెదాలు రంగు మారిపోతున్నాయి. రోడ్డంతా కార్లే, ఆసుపత్రికి ఎట్టా తీసుకుపోను?”

బారిలే జెనరేటర్ ఆపి, చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో వైరు చుట్ట పట్టుకున్నాడు.

“ఏయ్, ఎక్కడికి?” హానరబుల్ లేచి నిలబడ్డాడు. “రేపు చర్చిలో ఊరంతా నన్నే చూస్తుంది. ఈ తలేసుకుని పొమ్మంటావా?”

“బుట్టలో టోపీలున్నాయి ఓగా,” అని బారిలే వెళ్ళిపోయాడు.

పొగ పిల్లకు తగలకుండా జెనరేటర్‌ను పెరటి గోడ అవతల పెట్టాడు. వైరు కిటికీలోంచి లోపలికి లాగాడు. మిషన్ బుసబుసమంటూ మొదలైంది. బెలెమా తల్లి ఒళ్ళో కూర్చుని, ముక్కు మీద గొట్టం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి బారిలే వైపే చూస్తోంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. ఆ పీక్కుపోవడం బారిలేకు తెలుసు. లేయిరాకూ అంతే జరిగేది.

“భయం లేదమ్మా,” అన్నాడు. “నెమ్మదిగా పీల్చు. మావయ్య ఇక్కడే ఉన్నాడు.”

జెనరేటర్ మొరాయించడం మొదలుపెట్టింది. సీసాడు పెట్రోలు ఎంతసేపని వస్తుంది? వీధిలో గడప గడపా తొక్కాడు. ఎవరింట్లోనూ చుక్క లేదు. చివరికి కొట్టు ముందుకొచ్చి ఆగాడు. హానరబుల్ జీపు అక్కడే ఉంది, కొత్తది, నిగనిగలాడుతోంది.

“ఓగా, మీ బండిలో పెట్రోలుంది కదా?”

“ఉంటే? అది ప్రభుత్వ పెట్రోలు. నా ఇష్టం వచ్చినట్టు ఇవ్వడానికి లేదు.”

డగోగో మాస్టారు లేచాడు. ఆయన తల కూడా సగమే. అయినా బడిలో బెత్తం పట్టుకున్న రోజుల్లో ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు.

“నీకు అక్షరాలు నేర్పింది నేనేరా న్యెచే. ప్రభుత్వం అంటే ఎవరో కూడా నేనే నేర్పుండాల్సింది, తప్పు నాదే. ఇటు చూడు. అద్దంలో నీ మొహం ఒక్కసారి చూసుకో. ఆ పిల్ల పోతే, రేపు ఆ చర్చిలో దేవుడికి ఏమని థాంక్స్ చెప్తావు?”

హానరబుల్ అద్దంలోకి చూశాడు. ఒక వైపు చైర్మన్, ఒక వైపు వెర్రివాడు. జేబులోంచి తాళాలు తీసి బారిలే చేతిలో పెట్టాడు. బారిలే ట్యాంకులో గొట్టం దించి నోటితో లాగాడు. పెట్రోలు నోట్లోకొచ్చి, ఉమ్మేసి, దగ్గి, మళ్ళీ లాగాడు. డబ్బాను పడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నది హానరబులే. మెడకు గుడ్డ అలాగే వేలాడుతోంది. ఇన్నేళ్ళ పదవిలో ఆయన మా వీధికి తెచ్చిన కరెంటు అదొక్కటే. ఆ మాత్రమైనా తెచ్చినందుకు నేనాయన్ని తిట్టడం కొంత తగ్గించాను.

చీకటి పడే వేళ మెకానిక్కుల్లో ఒకడు ఇబిసో గుమ్మం దగ్గరకొచ్చాడు.

“అన్నా, నువ్వెట్టాగూ ఇక్కణ్ణించి కదలవు. బ్లేడుంటే ఇయ్యి, మేమే మొత్తం గీకేసుకుంటాం. సగం తల కన్నా గుండే నయం కదా.”

జీవితంలో ఎవరి మీదా గొంతెత్తని బారిలే అప్పుడు అరిచాడు.

“గుండా? పిల్ల లోపల ఊపిరి కోసం కొట్టుకుంటుంటే గుండు గీసుకుంటావా? గుండు ఎప్పుడు గీసుకుంటారో తెలీదా నీకు? ఈ రాత్రి ఈ వీధిలో ఎవడూ బ్లేడు ముట్టడానికి వీల్లేదు!”

మెకానిక్కు బిత్తరపోయాడు. తర్వాత నెమ్మదిగా టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. “తప్పన్నా. తట్టలేదు,” అన్నాడు. ఆ మాట వీధి అంతా పాకింది. హానరబుల్ ఇంట్లో ఆయన భార్య అప్పటికే బ్లేడు తీసి సిద్ధంగా పెట్టిందట. ఆయనే వద్దన్నాడట.

బారిలే ఆ రాత్రంతా పెరట్లోనే కూర్చున్నాడు. జెనరేటర్ చప్పుడు కాస్త మారితే చాలు, లేచి చూసేవాడు. మధ్యలో ఎప్పుడో కళ్ళు మూసుకుని, “నాకు మళ్ళీ ఆ పని చెప్పకు స్వామీ,” అని దండం పెట్టుకున్నాడు. తెల్లవారే సరికి గోడ అవతల పిల్ల దగ్గు ఆగింది. ఆయన గుండె కూడా ఆగినంత పనయింది. లేచి వెళ్ళి కిటికీలోంచి తొంగి చూశాడు. బెలెమా నిద్రపోతోంది. ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. ఇబిసో కూర్చున్నచోటే గోడకు ఆనుకుని నిద్రపోయింది.

ఆదివారం చర్చి గుమ్మంలో పెద్ద చిక్కే వచ్చింది. మగవాళ్ళు టోపీతో లోపలికి పోకూడదు. ముందు డగోగో మాస్టారు తీశాడు. తర్వాత మెకానిక్కులు తీశారు. హానరబుల్ అటూ ఇటూ చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని తనూ తీశాడు. నలుగురూ ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుకు వాక్యం మర్చిపోయినంత పనయింది. గాయక బృందంలో ఆడపిల్లలు పాటల పుస్తకాల వెనక మొహాలు దాచుకున్నారు. మా చర్చి పద్ధతిలో కానుక పట్టుకుని బల్ల దాకా చిందులేస్తూ పోవాల్సిన వంతు వచ్చినప్పుడు హానరబుల్ ఆ సగం తలతోనే చిందులేశాడు. జనం కిక్కురుమనలేదు. ఆ మర్యాదకే నాకు కళ్ళు చెమర్చాయి.

ప్రార్థన ముగిసే ముందు తలుపు దగ్గర కదలిక వినిపించింది. ఇబిసో వచ్చింది. పక్కన బారిలే, ఆయన భుజం మీద బెలెమా. పిల్ల వాడిపోయి ఉంది. ముందు వరస దగ్గరకొచ్చే సరికి తలెత్తింది. ఆ నాలుగు తలలనూ ఒక్కొక్కటిగా, శ్రద్ధగా చూసింది.

“మావయ్యా,” అంది, “వీళ్ళందరికీ కరెంటు పోయిందా?”

అని నవ్వింది. ఎప్పటిలాగే పకపకా నవ్వింది. చర్చి అంతా ఊపిరి బిగబట్టింది. నవ్వు వెనకాలే ఏం వస్తుందో మా వీధిలో అందరికీ తెలుసు. ఇబిసో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బారిలే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పిల్ల నవ్వడం అయిపోయింది. ఆయన భుజం మీద మళ్ళీ తల వాల్చింది.

దగ్గు రాలేదు.

బారిలే ఆ నలుగురి మధ్యా కూలబడి, ఆ పసి వీపు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హానరబుల్ తన చేతిలోని టోపీని మెల్లగా తీసి ఆయన బట్టతల మీద పెట్టాడు. చర్చిలో టోపీ పెట్టకూడదని ఆ పూట ఎవరూ అనలేదు.